చొక్కాలో మిగిలిన తాతయ్య

కడుపునొప్పి అని చెప్పి బడి ఎగ్గొట్టడం మా ఇంట్లో ఎవరి వల్లా అయ్యేది కాదు. నేను చాలాసార్లు ప్రయత్నించాను. దుప్పటి కప్పుకుని, పొట్ట పట్టుకుని, మెలికలు తిరుగుతూ మూలిగేదాన్ని. అమ్మమ్మ మంచం పక్కన కూర్చునేది. నా మూలుగు వినేది కాదు. నా కళ్ళు చూసేది, బుగ్గలు చూసేది, జుట్టు పక్కకి తోసి చెవులు కూడా చూసేది.

"నిజంగా నొప్పి ఉంటే కళ్ళు సగం మూసుకుపోతాయి. ముక్కు మీద ఉబ్బుతుంది. చెవులు వెనక్కి పోతాయి. నీకేమో ఎక్కడివి అక్కడే ఉన్నాయి. లేవే పిడుగా."

"చెవులు వెనక్కి ఎలా పోతాయి అమ్మమ్మా? నేనేమన్నా ఎలుకనా?"

"ఎలుకవైతే ఇంతకంటే నిజాయితీగా ఉండేదానివి."

అలా రోజూ బడికి పోయి కూడా పదో తరగతి రెండుసార్లు తప్పాను. అందులో ఎలుకల తప్పేమీ లేదు.

మా వీధిలో అమ్మమ్మని నొప్పులమ్మ అనేవాళ్ళు. ఆవిడ ఉద్యోగం ఒక మందుల ల్యాబులో చిట్టెలుకలకి ఎంత నొప్పి పుడుతోందో కొలవడం. నొప్పి తగ్గించే కొత్త మందు ఏదైనా మనుషుల దాకా రాకముందు చిట్టెలుకల దగ్గరికి వెళుతుంది. కొన్నింటికి మందు సూది వేస్తారు, కొన్నింటికి ఉత్త ఉప్పునీళ్ళ సూది. ఏది ఎందులోదో అమ్మమ్మకి చెప్పరు. వాటిని జల్లెడ లాంటి ఇనుప బల్ల మీద పెట్టి, పైన గాజు మూతలు బోర్లిస్తారు. అమ్మమ్మ కింద నుంచి సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని పొడుస్తుంది. పోగు వంగేదాకా మెల్లిగా నొక్కాలి. ఎలుక కాలు తీసేస్తే దానికి తెలిసినట్టు, తీయకపోతే తరవాతి పోగు. ఆ పోగులు ఒక చెక్కపెట్టెలో సన్నం నుంచి లావు దాకా పెళ్ళివారి ఫోటోలోలాగా వరసగా నిలబడి ఉంటాయి. ఇంకోటి వేడి పలక. దాని మీద పెట్టిన ఎలుక ఎంతసేపటికి వెనక కాలు నాక్కుంటుందో చూసి, నాకగానే ఎత్తేయాలి. అది నాకకపోయినా కాలు కాలేలోపు గంట మోగుతుంది, అప్పుడు ఎత్తి తీరాలి. ఆ గంట మోగనివ్వడం అమ్మమ్మకి తలవంపుగా ఉండేది.

పొద్దున్నే పని మొదలెట్టేముందు ప్రతి పోగునీ తన మణికట్టు మీద గుచ్చి చూసుకునేది. అది ఆవిడ పెట్టుకున్న అలవాటు, ఎవరూ చెప్పింది కాదు.

"మొదటిది నాకు తెలీదు. రెండోది తెలీదు. మూడోది అనుమానం," అనేది గొప్పగా.

"అంటే నీది ఏనుగు తోలు అన్నమాట."

"ఏనుగుకీ తెలుస్తుందే. నాకే తెలీదు."

ఆ ల్యాబులో ఈ పని జరిగే గది నేల అడుగున ఉంటుంది. కిటికీలు లేవు. కాలం ఏదైనా లోపల ఒకటే చలి, ఒకటే వెలుతురు. గదికి ఒకే మనిషి అన్నది అక్కడి పద్ధతి. కొత్త మనిషి వస్తే ఎలుకలు బెదురుతాయి, బెదిరితే కొలత చెడుతుంది. అమ్మమ్మ వాసన లేని సబ్బుతో అక్కడే స్నానం చేసి, అక్కడే ఉతికిన బట్టలు వేసుకుని, పైన తెల్లకోటు తొడుక్కుని లోపలికి వెళ్ళేది. నేను పక్కగదిలో బోనులు కడుగుతాను. పదో తరగతి తప్పిన మనవరాలికి అమ్మమ్మ ఇప్పించిన ఉద్యోగం అది. రెండు గదులకీ మధ్య అద్దం ఉంది. చేతులు సబ్బు నురగలో ఉంటే చాలు, కళ్ళు ఎక్కడున్నా ఎవరూ అడగరు.

తాతయ్య సంగతి చెప్పాలి. ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఖాకీ చొక్కా, వెడల్పాటి మణికట్లు. ఎవరినీ కొట్టలేదు. ఆయన కేక వేయగా కూడా నేను వినలేదు. అసలు అదే వింత. మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు వినపడగానే ఇల్లు నోరు మూసుకునేది. మా అమ్మ రేడియో ఆపేసేది. నేను చెంచా నోటి దాకా తీసుకెళ్ళి అక్కడే ఆపేదాన్ని. ఆయన లోపలికి వచ్చి, ముందు గదిలో కుర్చీలో కూర్చుని, ఎదుటి గోడకేసి చూస్తూ ఉండేవారు. అంతే. ఎందుకు భయపడుతున్నావని అడిగితే ఒక్కరం కూడా చెప్పలేకపోయేవాళ్ళం. ఎవరూ అడగలేదు కూడా.

ఒక సాయంత్రం మరుగుతున్న నీళ్ళ గిన్నె దించుతూ అమ్మమ్మ చేతి మీద పోసుకుంది. తాతయ్య ముందు గదిలోనే ఉన్నారు. అమ్మమ్మ నోట్లోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు. చేతిని కొళాయి కింద పెట్టి, పక్కింటావిడ చెయ్యేదో చూస్తున్నట్టు చూసుకుంది.

"మండట్లేదా అమ్మమ్మా?" అన్నాను గుసగుసగా.

"లేదే," అంది.

ఆవిడ నేర్పిన విద్యతోనే ఆవిడ మొహం చూశాను. కళ్ళు సగం మూసుకోలేదు. చెవులు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అబద్ధం కాదు. నిజంగానే నొప్పి లేదు. మర్నాడు ఆ చెయ్యి బొబ్బలెక్కింది.

తాతయ్య ఒక మధ్యాహ్నం ఆ కుర్చీలోనే పోయారు. మాకు సాయంత్రం దాకా తెలియలేదు. ఆయన కదలకుండా కూర్చోవడం మాకు కొత్త కాదు, మేం కిమ్మనకుండా తిరగడమూ కొత్త కాదు. అమ్మమ్మ పక్కన టీ పెట్టి వెళ్ళింది. చల్లారిపోయిందని ఇంకో కప్పు పెట్టింది. అది కూడా చల్లారాక ఆయన మొహం దగ్గరకి వంగి, చాలాసేపు ఆ చెవులు చూసింది.

ఆయన పోయిన కొన్నాళ్ళకి అమ్మమ్మ గుండీ కుట్టుకుంటూ "అమ్మో!" అని అరిచింది. ఇంట్లోకి దొంగ వచ్చాడనుకుని అమ్మ చీపురు పట్టుకుని, నేను చెప్పు పట్టుకుని పరుగెత్తాం. చూస్తే వేలి చివర ఒక రక్తపు చుక్క. ఆవిడ దాన్నే తెల్లబోయి చూస్తోంది.

"సూదికా అంత గోల?" అంది అమ్మ.

"ఇది ఇంత నొప్పి పెడుతుందా?" అంది అమ్మమ్మ. మమ్మల్ని కాదు, ఆ వేలినే అడుగుతున్నట్టుంది.

తరవాత వారం ఆవిడ తెల్లకోటు కింద తాతయ్య ఖాకీ చొక్కా వేసుకుని ఆ గదిలోకి వెళ్ళింది. ఇంటి బట్టలు లోపలికి తేకూడదు. పనయ్యాక కోటు విప్పుతుంటే నా కంట పడింది.

"టికెట్ తీసుకున్నారా అమ్మా? చిల్లర ఇవ్వండి," అన్నాను చెయ్యి చాపి.

"నోరు ముయ్యి. గది చలిగా ఉంటోంది."

ఇన్నేళ్ళూ వేయని చలి ఇప్పుడెక్కడిదని అడగబోతే కోటు నా చేతిలో కుక్కి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచే ఎలుకలకి నొప్పి పోయింది.

నేను అద్దంలోంచి చూశాను. సన్న పోగుకి కదల్లేదు. లావు పోగుకి కదల్లేదు. పాదం కింద పోగు వంగి వంగి వెదురుబద్దలా అయింది. ఎలుక మాత్రం బొమ్మలా నిలబడింది. వేడి పలక మీద కూడా అంతే. గంట మోగింది, మళ్ళీ మోగింది. రోజంతా మోగుతూనే ఉంది. అన్నిటికంటే నాకు నచ్చనిది ఇంకోటి. గాజు మూతల కింద ఉన్న ఎలుకలన్నీ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. చెవులు నిక్కించి, మీసం కూడా ఆడించకుండా అమ్మమ్మ వైపే చూస్తున్నాయి. ఆవిడ బల్లకి ఆ చివరికి వెళితే అవీ ఒక్కొక్కటే అటు తిరిగాయి. ఆ బొమ్మలాట నేను ఇంతకు ముందు చూశాను. బూట్ల చప్పుడు విని చెంచా గాల్లో ఆపిన పిల్ల కూడా అచ్చం అలాగే ఉండేది.

మధ్యాహ్నం తింటున్నప్పుడు అడిగాను. "ఏమైంది వాటికి?"

అమ్మమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నన్ను చూడ్డం లేదే అవి. నా వెనక చూస్తున్నాయి. ఎవరో నిలబడ్డట్టు."

"నీ వెనక గోడ ఉంది."

"గోడకీ నాకూ మధ్య చూస్తున్నాయి."



ల్యాబు పెద్ద సారు వారం రోజులు బుర్ర గోక్కున్నారు. మందు పుచ్చుకున్న ఎలుకకీ నొప్పి లేదు, ఉప్పునీళ్ళు పుచ్చుకున్న ఎలుకకీ నొప్పి లేదు. అలాగైతే మందు పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? ఆయన అమ్మమ్మని పిలిచారు. నేను తలుపు దగ్గర కడిగిన బోను మళ్ళీ కడుగుతున్నాను.

"అమ్మా, మిమ్మల్ని అనుమానించడం లేదు. వయసు మీద పడింది, కళ్ళు, చెయ్యి..."

"నా చెయ్యి బాగానే ఉంది సార్. ఇదివరకటికంటే బాగుంది."

"కొత్త ఎలుకలు సోమవారం వస్తున్నాయి. వాటితో కూడా ఇలాగే అయితే మీరు బోనుల గదికి మారాలి. ఈ గదికి వేరే మనిషిని పెడతాం."

ఆ గది అమ్మమ్మ జీవితం. మా అమ్మ పుట్టకముందు నుంచీ ఆ బల్ల కింద మెడ వంచి కూర్చున్న మనిషి. బయటకి వచ్చి నాతో ఒక్కటే మాట అంది. "ఆ గది పోతే నేనెవరినే?"

"నా అసిస్టెంటువి. నేను చెప్పినట్టు బోనులు కడగాలి. నురగ సరిగ్గా రాకపోతే తిడతాను," అన్నాను. ఆవిడ నవ్వుతుందని అన్నాను.

చిక్కు విప్పింది చిన్న మేడమ్. కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, నా కంటే నాలుగేళ్ళే పెద్ద. ఆవిడ అవే ఎలుకల్ని తీసుకుని తనే పోగులు పట్టింది. ఎలుకలు టకటకా కాళ్ళు తీశాయి. తరవాత అమ్మమ్మని గదిలోకి రమ్మని గుమ్మం దగ్గర నిలబెట్టింది. ఎలుకలు ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. కాలు తీయడం మానేశాయి. చిన్న మేడమ్ అమ్మమ్మని పైనుంచి కింద దాకా చూసింది.

"కోటు కింద ఏముంది పెద్దమ్మా? ఆ ఖాకీ కాలరు ఏంటి?"

అమ్మమ్మ దొంగతనం చేసి పట్టుబడ్డ పిల్లలా చొక్కా విప్పి ఇచ్చింది. మేడమ్ దాన్ని గది మూల కుర్చీ మీద పెట్టి తలుపు మూసింది. మేం ముగ్గురం అద్దంలోంచి చూశాం. గదిలో మనుషులు ఎవరూ లేరు. ఎలుకలన్నీ నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి, కుర్చీ వైపు తిరిగాయి.

కుర్చీ మీద ఉన్నది ఒక చొక్కా. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. తాతయ్య కూర్చున్నట్టే ఉంది. నాకు తెలియకుండానే నేను గొంతు తగ్గించాను. అమ్మమ్మ ఎప్పుడో తగ్గించింది.

"మగవాళ్ళ ఒంటి వాసన," అంది చిన్న మేడమ్. "మనకి తెలీదు, వాటికి తెలుస్తుంది. ఏ మగవాడిదైనా అంతే, మంచివాడా కాదా అని అవి చూడవు. పక్కన శత్రువు ఉన్నాడనుకున్నప్పుడు ఒళ్ళు నొప్పిని ఆపేసుకుంటుంది. నొప్పి చూసుకుంటూ కూర్చుంటే పారిపోలేవు కదా."

"నేను ఇంకోలా అనుకున్నాను," అంది అమ్మమ్మ. "చొక్కా వల్లనే అని నాకూ అనిపించింది. పక్కన మనిషి ఉన్నాడన్న ధైర్యంతో వాటికి హాయిగా ఉందేమో, అందుకని నొప్పి లేదేమో అని..."

"హాయి కాదు పెద్దమ్మా. భయం."

అమ్మమ్మ అద్దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయింది. ఒకప్పుడు వేడినీళ్ళు పడ్డ చెయ్యి అది. చర్మం మీద ఆ మచ్చ ఇంకా నున్నగా మెరుస్తుంది. ఆవిడ ఆ మచ్చ చూస్తోంది, కుర్చీ చూస్తోంది, మళ్ళీ మచ్చ చూస్తోంది.

"భయమా," అంది చివరికి. "అంత సేపు భయపడుతూ ఉండడం ఎలాగే?"

మేడమ్ ఎలుకల గురించే అనుకుని జవాబు చెప్పబోయింది. నేను బోను కింద పడేశాను. చప్పుడుకి మాట ఆగిపోయింది.

చొక్కాని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి మేడమ్ మాకు ఇచ్చింది. ఇక మామూలుగా అయితే కథ అయిపోవాలి. చొక్కా ఇంట్లో వదిలేసి, సోమవారం వెళ్ళి పని చేసుకోవాలి. బస్సులో నేను అదే చెప్పాను.

"నీకేం తెలుసు," అంది అమ్మమ్మ కిటికీ లోంచి చూస్తూ. "అది చలికి వేసుకోలేదే నేను. ఆయన పోయాక మొదటిసారి బల్ల కింద కూర్చున్నప్పుడు ఎలుక కాలు తీసింది చూడు, ఇక్కడ చురుక్కుమంది." మణికట్టు చూపించింది. "ప్రతిదానికీ చురుక్కుమంది. పోగు పట్టుకున్న చెయ్యి వణికింది. పోగు వణికితే కొలత పోతుంది. ఈ చొక్కా వేసుకుంటే వణుకు ఆగింది."

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. చొక్కా ఉంటే అమ్మమ్మ పని చేయగలదు, కానీ ఎలుకలకి నొప్పి తెలీదు. చొక్కా లేకపోతే ఎలుకలకి తెలుస్తుంది, కానీ అమ్మమ్మకి కూడా తెలుస్తుంది. ఎలుకలకీ అమ్మమ్మకీ కలిపి ఒకటే మందు పడింది.

"ఇంతకాలం చొక్కా లేకుండా ఎలా చేశావు మరి?"

"స్నానం చేసి వాసన కడుక్కున్నాను గానీ..." అని ఆగింది. "ఆయన వాసన చర్మం మీద మాత్రమే ఉంటుందా ఏమిటి?"

ఇంటికి వచ్చాక సంచి తెరిచి చొక్కాని మొహానికి ఆనించుకుంది. తరవాత నాకిచ్చింది. "నీకేమైనా వస్తోందా?"

పీల్చి చూశాను. "కలరా ఉండల వాసన."

"నాకూ అంతే. నాకు ఆయన ఎప్పుడో పోయారు. ఎలుకలకే ఇంకా ఉన్నారు." సంచి మూసి నొక్కింది. లోపల మిగిలిన గాలికి చొక్కా ఛాతీ కాస్త ఉబ్బి, మెల్లిగా దిగింది. మేం ఇద్దరం అది దిగేదాకా చూశాం. తరవాత ఆవిడ దాన్ని ఇనప్పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. ముందు గది దాటి వెళుతుంటే నేను ఖాళీ కుర్చీకి దూరంగా, గోడ వెంట నడిచానని నడిచాకే తెలిసింది.

సోమవారం కొత్త ఎలుకలు వచ్చాయి. పెద్ద సారు, చిన్న మేడమ్ నా పక్కన అద్దం దగ్గర నిలబడ్డారు. అమ్మమ్మ స్నానం చేసి, అక్కడి బట్టలే వేసుకుని లోపలికి వెళ్ళింది. చెక్కపెట్టె తెరిచింది. మొదటి పోగు తీసి, అలవాటుగా మణికట్టు మీద పెట్టింది.

చెయ్యి వెనక్కి లాక్కుంది.

నిప్పు తగిలినట్టు లాక్కుంది. అది వెంట్రుక కంటే సన్నటి పోగు, మీకూ నాకూ తెలియనే తెలియదు. ఆవిడ ఆ పోగుని వెలుతురులో తిప్పి చూసింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ లాక్కుంది.

"ఏం చేస్తున్నారు?" అన్నారు పెద్ద సారు.

"పని మొదలెడుతోంది సార్," అన్నాను.

బల్ల కింద మెడ వంచి కూర్చుంది. చెయ్యి వణుకుతోంది, నాకు అద్దం ఇవతల నుంచే కనపడుతోంది. ఆవిడ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. వణుకు ఆగేదాకా ఆగింది. నొక్కింది. ఎలుక కాలు తీసింది. అమ్మమ్మ భుజం కూడా ఎగిరింది. రాసుకుంది. మళ్ళీ మణికట్టు పట్టుకుంది, ఆగింది, నొక్కింది. అలా వరసంతా. ఒక్క ఎలుక కూడా ఆవిడ వెనక చూడలేదు. వాటి పనిలో అవి మీసాలు దువ్వుకుంటూ, గాజు వాసన చూసుకుంటూ తిరిగాయి. వేడి పలక దగ్గర మాత్రం అమ్మమ్మకి చెమట పట్టింది. ఎలుక కాలు నాక్కునీ నాక్కోకముందే ఎత్తి గుండెకి ఆనించుకుంది. గంట ఒక్కసారీ మోగలేదు.

మామూలుగా మధ్యాహ్నానికి అయ్యే పని సాయంత్రం దాకా పట్టింది. కొలతలు కుదిరాయి. మందు ఎలుకలేవో, ఉప్పునీళ్ళ ఎలుకలేవో స్పష్టంగా విడిపోయాయి.

"నెమ్మదిగా చేస్తున్నారు," అని గొణిగారు సారు.

"సరిగ్గా చేస్తున్నారు," అంది మేడమ్.

గది అమ్మమ్మదే అయింది. బయటకి వచ్చిన మనిషి మొహం చూశాను. కళ్ళు సగం మూసుకుపోయి ఉన్నాయి. ముక్కు మీద ఉబ్బింది. చెవులు వెనక్కి పోయాయని కూడా చెప్పేదాన్నే, కానీ మీరు నమ్మరు.

ఆ తరవాత అమ్మమ్మ మా ప్రాణాలు తోడేసింది. టీ వేడంటే అరుపు, తలుపు వేలికి తగిలితే అరుపు. మా అమ్మ దువ్వెనతో చిక్కు తీస్తుంటే వీధి చివర దాకా వినపడేది. "ఇన్నేళ్ళవీ కలిపి ఇప్పుడు అరుస్తోంది," అనేది అమ్మ. తాతయ్య కుర్చీలో ఇప్పుడు నేనే కూర్చుంటున్నాను. వెన్ను ఆనించి మాత్రం కాదు.

మొన్న వర్షాకాలంలో అమ్మమ్మకి పన్ను వాచింది. డాక్టరు వాపు తగ్గేదాకా పీకనన్నాడు. బుగ్గ బూరెలా అయింది. మంచం మీద అటూ ఇటూ దొర్లుతోంది. మాత్రలు పనిచేయలేదు. చూడలేక నేను ఇనప్పెట్టె తీసి ఆ సంచి పట్టుకొచ్చాను.

"వేసుకో అమ్మమ్మా. కాసేపే. నొప్పి పోతుందిగా."

ఆవిడ సంచి అందుకుంది. ప్లాస్టిక్ మీద నుంచి కాలరు తడిమింది. మూత దగ్గర బొటనవేలు పెట్టి అలాగే ఉంచింది. సంచి లోపల చొక్కా మళ్ళీ కాస్త ఉబ్బినట్టు అనిపించింది నాకు. ముందు గదిలో ఏదో కిర్రుమంది. ఇద్దరం తలుపు వైపు చూశాం. ఇంట్లో మేం తప్ప ఎవరూ లేరు.

అమ్మమ్మ బొటనవేలు తీసేసి సంచి నా చేతిలో పెట్టింది.

"లోపల పెట్టెయ్యి," అంది వాచిన నోటితో. "నొప్పేగా. ఉండనీ."

తాళం వేసి వచ్చేసరికి ఆవిడ దుప్పటి కప్పుకుని, బుగ్గ పట్టుకుని, వీధంతా వినపడేలా మూలుగుతోంది.